బిల్లు తేదీ రాయని అగ్రిమెంట్: ఒక చిన్న కాంట్రాక్టరుగా నా అనుభవం

ప్రభుత్వ టెండర్ల విధానం బాగుపడాలని ఎవరు మొదలుపెట్టినా మాటంతా టెండరు తెరిచే రోజు చుట్టూనే తిరుగుతుంది. ఎవరు వేశారు, ఎంత లెస్‌కు (అంచనా కన్నా ఎంత శాతం తక్కువకు) వేశారు, ఎవరెవరు కుమ్మక్కయ్యారు అని. నేను చాలా ఏళ్లుగా ప్రభుత్వ భవనాల పనులు చేస్తున్న చిన్న కాంట్రాక్టరుని. నా అనుభవంలో అసలు తిప్పలు పని అయిపోయి, ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాసి, బిల్లు పైకి వెళ్లిన దగ్గర మొదలవుతాయి. అక్కడి లోపమే వెనక్కి పాకి టెండరు రేటునూ, కట్టడం నాణ్యతనూ పాడు చేస్తోంది. ఈ మధ్య పూర్తి చేసిన ఒక పని గురించి వివరంగా రాస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ముందు ఒక మంచి మార్పు గురించి చెప్పాలి. మా నాన్న కూడా కాంట్రాక్టరే. ఆయన రోజుల్లో టెండరు షెడ్యూలు, అంటే టెండరు వెయ్యడానికి కావలసిన పత్రం, కొనడమే పెద్ద గండం. ఇంజనీరు ఆఫీసు మెట్ల మీద మనుషులు కాపలా ఉండేవాళ్లు. పొద్దున షెడ్యూలు కొన్నవాడి పేరు సాయంత్రానికల్లా ఊరంతా తెలిసేది. ‘ఈ పని మనవాళ్లు అనుకున్నారు, నువ్వు తప్పుకో’ అని ఇంటికి కబురు వచ్చేది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక మెట్ల మీద కాపలా పోయింది. ఇంట్లో కూర్చుని డిజిటల్ సిగ్నేచర్ పెట్టి టెండరు వెయ్యగలుగుతున్నాం. కుమ్మక్కులు పూర్తిగా పోయాయని అనను కానీ, మనిషిని భయపెట్టి ఆపడం మటుకు బాగా తగ్గింది. నిబంధన సరిగ్గా రాసి, దానికి తగ్గ ఏర్పాటు చేస్తే ఎంత మార్పు వస్తుందో మా ఇంట్లోనే చూశాను. అందుకే మిగతా నిబంధనల మీద కూడా నాకు ఆశ ఉంది.

నేను చెప్పబోయే పని ఒక సంక్షేమ వసతి గృహానికి అదనపు బ్లాక్. పల్నాడు వైపు, నల్లరేగడి నేల. 2022 మొదట్లో అగ్రిమెంట్ అయింది. శాఖ పేరు, ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఏ ఒక్క ఆఫీసు కథా కాదు.

టెండరు వెయ్యడానికి ముందు అర్హత లెక్కలు ఉంటాయి. బయటివాళ్లకు తెలియదని రెండు ముక్కలు చెప్తాను. బిడ్ కెపాసిటీకి, అంటే కొత్త పని మొయ్యగల శక్తికి, 2ఏఎన్-బి అనే సూత్రం ఉంది. గత అయిదేళ్లలో ఏ ఒక్క ఏడాదిలో ఎక్కువ పని చేశామో ఆ విలువ ‘ఏ’, కొత్త పనికి ఇచ్చిన గడువు ఏళ్లలో ‘ఎన్’, ఇప్పటికే చేతిలో ఉన్న పనుల విలువ ‘బి’. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ బిల్లులు రాక పాత పని సాగదీసినవాడికి ‘బి’ పెరుగుతుంది, అలాంటి ఏడాదులు వరుసగా వస్తే ‘ఏ’ కూడా పడిపోతుంది. ప్రభుత్వం డబ్బు ఆపితే ఆగిన పని, కాంట్రాక్టరు శక్తి తక్కువని లెక్కలోకి ఎక్కుతుంది. ఇలాంటి పనే ఇంతకుముందు చేసి ఉండాలన్న షరతు మరొకటి. కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ పద్ధతిలో అంచనా విలువలో 40 శాతం ఉన్న పనులు మూడు, లేదా 60 శాతం ఉన్నవి రెండు, లేదా 80 శాతం ఉన్నది ఒకటి చేసి ఉంటే చాలు. అలా మూడు దారులు ఇస్తే చిన్నవాళ్లు మెట్టు మెట్టుగా ఎదగగలరు. ఒక్క పెద్ద పని సర్టిఫికెట్ మాత్రమే అడిగే టెండర్లు వచ్చినప్పుడు మాలాంటివాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోతాం.

ఇక లెస్ సంగతి. మా దగ్గర అంచనా విలువ మీద 25 శాతానికి మించి తగ్గించి కోట్ చేస్తే, ఆ దాటిన తేడాకు అదనంగా బ్యాంకు గ్యారంటీ కట్టాలి. అందుకని 24, 24.5 లెస్ దగ్గర గుంపుగా కోట్‌లు పడతాయి. శాఖ రేట్లలో ఓవర్‌హెడ్‌లకూ కాంట్రాక్టరు లాభానికీ కలిపి ఇచ్చేది 13.615 శాతం. మరి 24 శాతం లెస్‌కు పని ఎలా గిడుతుంది? నాణ్యత తగ్గిస్తారని అందరూ అనే మాట కొంత నిజమే. ఇంకో కారణం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తన బిల్లు ఎప్పుడు వస్తుందో తెలిసినవాడు ధైర్యంగా తగ్గించి వెయ్యగలడు. ఎప్పుడొస్తుందో తెలియనివాడు వడ్డీ కలుపుకుని వెయ్యాలి. మా ఊళ్లలో నమ్మకస్తుడికి కూడా బయట అప్పు రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు నూటికి రెండు. బిల్లు ఏడు నెలలు ఆగితే 14 శాతం. రేట్లలో ఇచ్చిన 13.615 అక్కడికే తుడిచిపెట్టుకుపోయింది. అందువల్ల ఒకే సిమెంటు, ఒకే స్టీలు, ఒకే కూలి రేటు పెట్టినా పలుకుబడి ఉన్నవాడి రేటు, లేనివాడి రేటు ఒకటి కాలేవు. టెండరు పెట్టె ఎంత పారదర్శకంగా ఉన్నా ఆ తేడా అందులో కనపడదు.

ఆ హాస్టల్ పనికి పోటీ తక్కువగా ఉంది. నేను ఏడు శాతం లెస్‌కు వేశాను, పని నాకు వచ్చింది.

పునాది దగ్గరే మొదటి చిక్కు. అంచనాలో పునాది లోతు మీటరున్నర. జేసీబీ అంత లోతు తవ్వేసరికి అడుగున ఇంకా నల్లమన్నే, నలిపితే వేళ్లకు అంటుకునేంత జిగట. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఫోన్ చేస్తే వచ్చారు. గోతిలోకి దిగి, మేస్త్రి చేతిలోంచి గునపం తీసుకుని స్వయంగా పొడిచారు. సగం దాకా దిగిపోయింది.

“ఇక్కడ ఫుటింగ్ వేస్తే ఎండాకాలానికి గోడలు పగులుతాయండీ. ఇంకా దించాల్సిందే” అన్నారు.

“దించుతాను సార్. మరి ఎక్స్‌ట్రా క్వాంటిటీ?”

“రివైజ్డ్ ఎస్టిమేట్ పెడతాను. మీరు మాత్రం ఆపకండి. ఒక్క వాన పడిందంటే గోతులన్నీ కూలిపోతాయి.”

ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. పిల్లలు పడుకునే భవనం, నేను కూడా అక్కడ రాజీ పడదలచుకోలేదు. గట్టి నేల తగిలేదాకా దించి, అడుగున ఇసుక నింపి, కాంక్రీటు వేసి, అక్కడినుంచి పైకి వచ్చాం. కానీ నిబంధన ప్రకారం అదనపు పరిమాణానికి పైఅధికారి మంజూరు కావాలి, సప్లిమెంటల్ అగ్రిమెంట్, అంటే అదనపు ఒప్పందం, కావాలి. అవి లేకుండా ఆ ముక్క బిల్లులోకి ఎక్కదు. భూమిలో దాగిపోయిన కాంక్రీటుకు మంజూరు వచ్చేసరికి పైన శ్లాబ్ పడి, గోడలు కూడా లేచాయి. ఏఈ గారు తన వంతు ఆలస్యం చెయ్యలేదు. డీఈ, ఈఈ అనే పై ఇంజనీర్లను దాటి పైకి పోయాక ఆ కాగితం ఇన్ని రోజుల్లో తేల్చాలని ఏ రూలూ లేదు. టెండరు పిలిచేముందే పరీక్ష కోసం రెండు గోతులు తవ్వించి, నేల ఎంత బరువు మొయ్యగలదో చూసే ఎస్‌బీసీ టెస్టు చేయించి ఉంటే ఈ తంతు అసలు ఉండేది కాదు. నేల పరీక్షకు అయ్యే ఖర్చు మొత్తం అంచనాలో ఒక మూలకు రాదు.

తర్వాత స్టీలు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఫిబ్రవరి 2022 తర్వాత రాడ్ల ధర వారం వారం ఎగబాకింది. మే నెలలో కేంద్రం కొన్ని రకాల ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసేదాకా మార్కెట్ దిగిరాలేదు. మా పని గడువు తక్కువ కాబట్టి అగ్రిమెంట్‌లో ధరల సర్దుబాటు నిబంధన లేదు. గడువు తక్కువైతే ధర పెరగదని ఎవరైనా ఎలా అనుకుంటారు? మూడు నెలల్లో పెరిగే వస్తువు మూడు నెలల్లోనే పెరుగుతుంది. ఆ నష్టం నేనే భరించాను.

పని మధ్యలో ఉండగా 2022 జులై 18 నుంచి ప్రభుత్వ పనుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 18 అయింది. మా పని మంజూరులో 12 శాతమే చూపించారు. బిల్లు మీద 18 వెయ్యాలి, మంజూరు 12కే ఉంది, తేడాకు మళ్లీ రివైజ్డ్ శాంక్షన్ అన్నారు. ఇన్‌వాయిస్ ఇచ్చాక మరుసటి నెల 20వ తేదీలోపు రిటర్న్ వేసి పన్ను కట్టెయ్యాలి. బిల్లు డబ్బు వచ్చిందా లేదా అన్నది పన్ను శాఖకు పట్టదు. నాకు రాని డబ్బు మీద పన్ను నా జేబులోంచి కట్టాను. ఇది చదివే ఉద్యోగస్తులకు అర్థం కావాలంటే, జీతం పడకముందే దాని మీద ఇన్‌కంటాక్స్ కట్టమన్నట్టు ఉంటుంది.

పని పూర్తయింది. ఏఈ కొలిచి ఎం-బుక్‌లో రాశారు, డీఈ చెక్ మెజర్‌మెంట్ చేశారు, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు క్యూబ్ టెస్టులు చూసి సంతకం పెట్టారు. బిల్లులో కోతలన్నీ పద్ధతిగా పడ్డాయి: ఆదాయపు పన్ను, జీఎస్‌టీ టీడీఎస్ 2 శాతం, కార్మిక సంక్షేమ సెస్ 1 శాతం, సీనరేజి (ఇసుక, కంకర లాంటివాటి మీద రుసుము), న్యాక్ (నిర్మాణ శిక్షణ సంస్థకు వెళ్లే రుసుము), మా అగ్రిమెంట్ ప్రకారం ఎఫ్‌ఎస్‌డీ, అంటే హామీగా ఆపి ఉంచే డిపాజిట్, కింద 7.5 శాతం. నేను ఆలస్యం చేస్తే రోజుకింత అని పెనాల్టీ రాసి ఉంది. పగుళ్లు వస్తే రెండేళ్ల దాకా నా ఖర్చుతో బాగుచెయ్యాలని రాసి ఉంది. ఇవన్నీ ఉండాల్సినవే, నేను వద్దనను. బిల్లు ఎప్పుడు చెల్లిస్తారో మాత్రం ఎక్కడా లేదు. అగ్రిమెంట్ మొదటి పేజీ నుంచి చివరిదాకా మళ్లీ చదివాను. చెల్లింపు నిధుల లభ్యతను బట్టి ఉంటుందని, ఆలస్యానికి వడ్డీ అడగకూడదని రాసి ఉంది.

బిల్లు ఆన్‌లైన్‌లోకి ఎక్కింది, చెల్లింపు వరుసలో టోకెన్ నంబర్ వచ్చింది. ఇక అంతే, అక్కడే ఆగింది. నెలలు గడిచాయి. శనివారం బట్వాడా ఆపడానికి వీల్లేదు కాబట్టి కూలీల డబ్బు ఎప్పటికప్పుడు ఇచ్చేశాను. స్టీలు షాపు ఆయన, సెంట్రింగ్ ఆయన మాత్రం నాతోపాటు ఇరుక్కున్నారు. మంచివాళ్లు, గట్టిగా అడగరు. “అన్నా, మీకు రాగానే చూడండి” అనేవాళ్లు. ఆ మాట వింటే ఇంకా టెన్షన్ పెరిగేది. ప్రభుత్వం బాకీ పడేది ఒక్క కాంట్రాక్టరుకే అనుకుంటాం, నిజానికి ఆ బాకీని ఊళ్లో షాపుల దాకా పంచుతున్నాం.

ఆఫీసుల చుట్టూ తిరిగితే ‘ఫండ్స్ రావాలండీ’ అన్నదే జవాబు. చెప్పేవాళ్ల చేతిలో కూడా ఏమీ లేదని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసేది. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. రెండు విషయాలు అడిగాను. నా బిల్లు ఏ ఏ బల్ల మీద ఏ తేదీన వచ్చి ఏ తేదీన కదిలింది? ఇదే పద్దు కింద నా తర్వాత వచ్చిన బిల్లుల్లో ఎన్నింటికి చెల్లింపు జరిగింది? మొదటిదానికి జవాబు ఇచ్చారు. రెండోది తమ దగ్గర లేదని రాశారు. సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే దరఖాస్తును అయిదు రోజుల్లో అక్కడికి బదిలీ చెయ్యాలని అదే చట్టంలో సెక్షన్ 6(3) చెప్తుంది. ఆ సెక్షన్ చూపిస్తూ మొదటి అప్పీలు వేశాక జాబితా చేతికి వచ్చింది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. కొలతల నుంచి బిల్లులు తనిఖీ చేసే పే అండ్ అకౌంట్స్ ఆఫీసు దాకా, అంటే ఇంజనీర్లూ ఆడిటర్లూ చూడాల్సినదంతా కొద్ది వారాల్లో అయిపోయింది. టోకెన్ పడ్డాకే ఏడాది దాటి నిలిచింది. నా టోకెన్ తర్వాత వచ్చినవి కొన్ని నాకన్నా ముందే చెల్లింపు అయి ఉన్నాయి. ఎందుకు ముందుకు వెళ్లాయో కారణం రాసిన కాలమ్ ఏదీ లేదు. ఏ అధికారో తప్పు చేశారని నేను అనడం లేదు. అత్యవసరమైన చెల్లింపులు ఉండొచ్చు. కారణం రాయాలన్న నిబంధనే లేకపోతే న్యాయంగా ఇచ్చినదీ, మొహం చూసి ఇచ్చినదీ ఒకేలా కనిపిస్తాయి.

చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా అని, చిన్న సంస్థలకు రావలసిన బాకీల మీద ఫిర్యాదులు తీసుకునే కేంద్రం వారి సమాధాన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది. కానీ అవతలి పక్షంవాళ్లు బొంబాయి హైకోర్టు తీర్పులు చూపించి, వర్క్స్ కాంట్రాక్టులు, అంటే కట్టడాల ఒప్పందాలు, ఈ చట్టం కిందికి రావని వాదించారు. నా ఫిర్యాదు అక్కడే చతికిలబడింది. ఆ వాదన ప్రకారం ఫ్యాను తయారుచేసి అమ్మినవాడికి ఉన్న రక్షణ, ఆ ఫ్యాను తిరిగే భవనం కట్టినవాడికి లేదు. చిన్న కాంట్రాక్టరు కోసం మార్చాల్సిన చట్టాలలో ఇది ముందు వరసలో ఉండాలి.

హైకోర్టుకు వెళ్లమని మా కాంట్రాక్టర్ల సంఘంలో కొందరు చెప్పారు. 2021 అక్టోబరులో ఉపాధి హామీ పనుల పాత బిల్లులు 12 శాతం వడ్డీతో కట్టమని మన హైకోర్టు ఆదేశించిన సంగతి మా అందరికీ తెలుసు. అయినా ప్రతి బిల్లుకూ రిట్ వెయ్యడం ఒక విధానం అనిపించుకోదు కదా. నేను కోర్టుకు వెళ్లేలోపే అసలు వచ్చింది, వడ్డీ మాత్రం పైసా లేదు. వసతి గృహం పిల్లలు అప్పటికే ఆ బ్లాక్‌లో చాలా కాలంగా ఉంటున్నారు.

డబ్బు చేతికొచ్చినా ఊరుకోబుద్ధి కాలేదు. సంఘం తరఫున వినతిపత్రం తయారుచేసే పని నెత్తిన వేసుకున్నాను. వెతికితే మనకు కావలసిన వాక్యాలు చాలావరకు కేంద్రం దగ్గర ముందే ఉన్నాయి. 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థిక శాఖ వ్యయ విభాగం కొనుగోళ్లు, ప్రాజెక్టుల నిర్వహణ మీద సాధారణ సూచనలు ఇచ్చింది. రన్నింగ్ బిల్లు (పని మధ్యలో పెట్టే బిల్లు) పెట్టిన 10 పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం ఇచ్చెయ్యాలి. మిగతాది పూర్తిగా తనిఖీ చేసి 28 పనిదినాల్లో ఇవ్వాలి. 30 పనిదినాలు దాటి ఆలస్యమైతే వడ్డీకి ఏర్పాటు కూడా సూచించింది. ఇది కేంద్ర శాఖల కోసం రాసింది. మన రాష్ట్రం టెండరు పత్రంలోకి ఇవే గడువులు తెచ్చుకోవడానికి అడ్డేముంది?

మా వినతిలో ఇదే మొదటి అంశం. వడ్డీని కాంట్రాక్టరు అడుక్కునే పని లేకుండా బిల్లులోనే దానంతట అది లెక్క పడాలని చేర్చాం. ఆ తర్వాత టోకెన్ల వరుస. పద్దుల వారీగా ఎవరి టోకెన్ ఎప్పటిది, ఎప్పుడు చెల్లించారు అన్నది అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. వరుస తప్పితే కారణం అక్కడే రాయాలి. బడ్జెట్ కేటాయింపు, ఖాళీ స్థలం, నేల పరీక్ష నివేదిక ఈ మూడూ లేకుండా టెండరు పిలవకూడదని, అదనపు పరిమాణాలకు మంజూరు ఇన్ని రోజుల్లో తేల్చాలని కూడా రాశాం. బ్యాంకు గ్యారంటీకి మార్జిన్ మనీ, అంటే బ్యాంకులో ముందే పెట్టాల్సిన సొమ్ము, కింద డబ్బంతా ఇరుక్కుపోతుంది కాబట్టి, 2022 నుంచి కేంద్రం ఒప్పుకుంటున్న ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండ్లను, అంటే బీమా కంపెనీ ఇచ్చే హామీ పత్రాలను, ఇక్కడా తీసుకోవాలని అడిగాం.

ఖజానాలో డబ్బు లేకపోతే తేదీ రాసి ఏం లాభం అని ఒక పెద్దాయన సంఘం మీటింగులోనే అడిగారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఒకటే. ఆలస్యానికి వడ్డీ పడుతుందని తెలిస్తే, డబ్బు లేని పనికి టెండరు పిలవడానికి ఎవరైనా జంకుతారు. ఇప్పుడు ఆలస్యం ప్రభుత్వానికి ఉచితం, అందుకే చేతిలో ఉన్న నిధులకు మించి పనులు మంజూరు అవుతున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో రివర్స్ టెండరింగ్ (టెండర్లు తెరిచాక అతి తక్కువ రేటు మీద మళ్లీ తగ్గింపు వేలం పెట్టడం) తెచ్చారు, 2024లో తీసేశారు. వంద కోట్లు, ఆపైన పనులకు టెండరు పత్రాలను ముందుగా ఒక జడ్జి పరిశీలించాలని జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం చేశారు, అదీ 2024లో రద్దయింది. రెండింటి మీదా అసెంబ్లీలో, టీవీల్లో ఎంతో చర్చ జరిగింది. పని చేసినవాడికి డబ్బు ఏ తేదీకి ఇస్తాం అన్న దాని మీద అందులో పదో వంతు కూడా జరగలేదు.

వినతిపత్రం ఇచ్చాం, పరిశీలిస్తామన్నారు. ఈలోపు నేను మరో దారి పట్టాను. ప్రీ-బిడ్, అంటే టెండరు వేసేముందు, సందేహాలు అడిగే అవకాశం ఉన్న ప్రతి టెండరులో చెల్లింపు గడువు గురించి రాతపూర్వకంగా అడుగుతున్నాను. జవాబు ఏదైనా అది రికార్డులో ఉంటుంది, పోటీలో ఉన్న మిగతావాళ్లూ చూస్తారు. తోటి కాంట్రాక్టర్లకు కూడా ఇదే చెప్తున్నాను. మీ బిల్లు తేదీలు ఆర్‌టీఐలో తీసుకుని సంఘానికి పంపండి, ఒక్కడి కాగితం కన్నా వంద మంది కాగితాలకు బరువు ఎక్కువ.

ఈ మధ్య బిల్లు గడువులు స్పష్టంగా రాసిన ఒక కేంద్ర సంస్థ టెండరు వేశాను. మామూలుగా రేటు కట్టేటప్పుడు అన్ని ఐటెంల లెక్క అయ్యాక కింద ‘వడ్డీ’ అని ఒక గీత గీసి అంకె వేసుకుంటాను. ఈసారి ఆ గీత అక్కర్లేకపోయింది. అదే సిమెంటు, అదే కూలి, అదే మేస్త్రి. ఎక్కడా కత్తెర వెయ్యకుండానే నా రేటు ఆ హాస్టల్ పనికి వేసినదానికన్నా నాలుగు శాతం కిందికి దిగింది.